చించిన చీరలో పనితనం

పురుటికి వచ్చిన కూతురికి నెలలు నిండుతుండగానే తల్లి పెట్టె తెరిచి, పుట్టబోయే బిడ్డ మొలగుడ్డల కోసం పాత నూలు చీరలు బయటికి తీస్తుంది. కొత్తది పనికిరాదు. పాలిస్టర్ కలిసిందీ పనికిరాదు. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి, గంజి వదిలి, చేతికి బరువే తెలియనంత మెత్తబడ్డ నేత చీర కావాలి. తాతగారి మల్లుపంచె దొరికితే మరీ మంచిది. ఈ తయారీని పేదరికమనో పొదుపనో తేల్చేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. బిడ్డ ఒళ్లు ఒరుసుకుపోకుండా కాపాడటానికి ఇంట్లో ఆడవాళ్లు తరతరాలుగా సానపట్టుకున్న పనితనం ఇది.

ముందు జరీ, అంచు తీసేస్తారు. కత్తెరతో చిన్న గాటు పెట్టి రెండు చేతులా లాగితే గుడ్డ పోగు వెంట తిన్నగా చిరుగుతుంది. చుట్టూ మడిచి కుట్టరు. కుట్టు ఎంత సన్నదైనా తొడసందులో ఒరుసుకుంటుంది. వేలాడే పోగుల్ని మాత్రం ఓపిగ్గా ఏరేస్తారు. పసివాళ్ల కాలివేలికి ఒక్క పోగు బిగుసుకున్నా రక్తం ఆడదు, ఏడుపు ఎందుకో అర్థంకాదు. బొడ్డు ఊడేదాకా గుడ్డను బొడ్డు కిందికే మడుస్తారు. మొలతాడు కట్టాక దాన్ని గోచీలా పెట్టి, ముందూ వెనకా మొలతాడులోకి దోపుతారు. పిన్ను లేదు, ముడి లేదు. పక్కలన్నీ తెరిచే ఉంటాయి కాబట్టి గాలి ఆడుతుంది. తడిస్తే ఒక్క లాగుతో వచ్చేస్తుంది. ఇంత తక్కువ సామగ్రితో ఇంత తెలివైన కట్టు నేను మరొకటి చూడలేదు.

దీని విలువ తెలియాలంటే పసిబిడ్డ చర్మం సంగతి తెలియాలి. పెద్దవాళ్ల చర్మం పైపొర కొంచెం ఆమ్లంగా ఉంటుంది. క్రిముల్ని ఆపేది అదే. పుట్టిన బిడ్డ చర్మానికి ఆ ఆమ్లగుణం వెంటనే రాదు, రోజులూ వారాలూ గడిచేకొద్దీ వస్తుంది. చాలామంది నేరమంతా మూత్రం మీద వేస్తారు. మూత్రం ఒక్కటే అయితే అంత హాని చెయ్యదు. మలంలోని బాక్టీరియా మూత్రంలోని యూరియాని విడగొట్టి అమ్మోనియా చేస్తుంది. దాంతో చర్మం క్షారం వైపు జరుగుతుంది. మాంసకృత్తుల్నీ కొవ్వునీ అరిగించడానికి మలంలో ఉన్న ఎంజైములు ఆ క్షారంలో మరింత చురుగ్గా పనిచేసి చర్మాన్నే తినడం మొదలుపెడతాయి. తడికి నాని ఉన్న చర్మానికి రాపిడి కూడా తోడైతే ఎరుపెక్కుతుంది. అందుకే ఆ ఎరుపు గుడ్డ తగిలే పిర్రల మీదా తొడల మీదా ముందు కనిపిస్తుంది. మడతల లోపల సాధారణంగా ఉండదు. తల్లిపాలు మాత్రమే తాగే పిల్లల మలంలో క్షారగుణం తక్కువ కనుక వాళ్లకి ఈ బాధ కొంత తక్కువ.

ఇప్పుడు ఉతుకు చూడండి. మలం అంటిన గుడ్డను ముందు విడిగా జాడిస్తారు. సబ్బు పెట్టాక నురగ ఆనవాలు లేకుండా పోయేదాకా నీళ్లు మార్చి మార్చి పిండుతారు. సబ్బు క్షారం. అది గుడ్డలో మిగిలితే బిడ్డ చర్మాన్ని మళ్లీ అదే క్షారం వైపు నెడుతుంది. రసాయనం మాట ఎవరూ చెప్పకపోయినా ఆ చేతులు చేసింది సరైన పనే. గుడ్డలకి డెటాల్ పట్టించడం, సువాసన ద్రావకాల్లో ముంచడం మాత్రం తర్వాత వచ్చిన అలవాట్లు, మానేస్తే మంచిది. పౌడరు కూడా అంతే. అది బిడ్డ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

తుడిచేటప్పుడు గోరువెచ్చని నీళ్లు, మెత్తని గుడ్డ చాలు. రుద్దకూడదు, అద్దాలి. ఆడపిల్లకి ముందునుంచి వెనక్కి తుడవాలి. తర్వాత కాసేపు ఏమీ కట్టకుండా వదిలేయాలి. నవజాత శిశువు రోజుకి ఇరవై సార్లదాకా మూత్రం పోస్తుంది. పాత చీర గుడ్డ పీల్చుకున్న తడిని దాచుకోలేదు, వెంటనే బయటపెట్టేస్తుంది. చూసినవాళ్లు మార్చక తప్పదు. దాని బలం అక్కడే ఉంది.

దానిమీద ప్లాస్టిక్ జాంగ్యా తొడిగితే ఆ బలం పోతుంది. తడి, వేడి రెండూ లోపలే ఉండిపోతాయి. అమెరికాలో రబ్బరు జాంగ్యాలతో తల్లులు పడ్డ బాధ ఇదే. కనెటికట్ రాష్ట్రంలోని వెస్ట్‌పోర్ట్‌లో మరియన్ డోనవన్ అనే తల్లి 1946లో తన షవర్ కర్టెన్ కత్తిరించి కుట్టుమిషను ముందు కూర్చుంది. తండ్రి, పినతండ్రి లేత్ మిషన్ల ఫ్యాక్టరీ నడిపిన ఇంటి పిల్ల. చేత్తో చేసి చూడటం అలవాటు. చివరికి పారాచూట్లకి వాడే నైలాన్ గుడ్డతో, పిన్నుల బదులు ప్రెస్ బటన్లతో, లోపల పీల్చే గుడ్డ పెట్టుకోవడానికి జేబుతో తొడుగు తయారైంది. 'బోటర్' అని పేరు పెట్టింది. 1949లో న్యూయార్క్‌లోని శాక్స్ దుకాణంలో అమ్మకానికి వచ్చింది, 1951లో పేటెంటు దక్కింది. వాడి పారేసే పాంపర్స్ 1961లో, తడిని జెల్‌గా మార్చి పట్టుకునే పాలిమర్ రేణువులు 1980లలో వచ్చాయి.

ఆ రేణువులు కూడా మెచ్చుకోదగ్గవే. తమ బరువుకి ఎన్నో రెట్లు ద్రవం పీల్చి, బిడ్డ బరువు పడినా వదలవు. రాత్రిపూటా ప్రయాణాల్లోనూ డైపరు వేస్తే తప్పేమీ లేదు. కానీ అది తడిని దాచగలదు, మలాన్ని దాచలేదు. నిండినట్టు కనిపించకపోయినా రెండు మూడు గంటలకోసారి చూడాలి, మలమైతే ఆ క్షణమే మార్చాలి. నడుం దగ్గర రెండు వేళ్లు దూరేంత వదులుండాలి. ఎరుపు మొదలైతే జింక్ ఆక్సైడ్ లేపనం మందంగా పూయాలి. తర్వాత మార్చేటప్పుడు దాన్నంతా గీకి తీయక్కర్లేదు, మలం అంటినమేరకు తుడిచి పైన మళ్లీ పూస్తే చాలు. మూడు రోజులకీ తగ్గకపోయినా, తొడసందు మడతల్లో ముదురు ఎరుపు వచ్చి చుట్టూ చిన్న చిన్న పొక్కులు లేచినా అది కాండిడా అనే శిలీంధ్రం కావచ్చు. దానికి వేరే మందు కావాలి, పిల్లల డాక్టరుకి చూపించాలి. జ్వరమో చీమో కనిపిస్తే ఆ మూడు రోజులూ ఆగకూడదు.