గోపుర శబ్దార్థ విచారము

గోపుర మనఁగానే నేఁటి తెలుఁగువాఁడు ఎత్తును దలఁచును. సంస్కృతకోశకారుఁడు వాకిలిని దలఁచెను. ఈ రెండు తలంపులకు నడుమ శబ్ద మే మార్గమున నడచెను, ఆ నడక సాధువా యనునదియే యిచ్చట విచార్యము. ఇది కేవలము పదవినోదము గాదు. ప్రాచీనగ్రంథములయందలి గోపురశబ్దమునకు నవీనార్థమును జెప్పుటవలన వాక్యార్థమే చెడుచున్నది గాన నిర్ణయ మావశ్యకము.

మొదట కోశము. అమరసింహుఁడు పురవర్గమునందు గోపురమునకుఁ బురద్వార మనియు, నానార్థవర్గమునందు ద్వారమాత్ర మనియు, వనౌషధివర్గమునందు ముస్తకభేద మనియు నర్థములు చెప్పెను. మూఁటియందు నెచ్చటను ఔన్నత్యప్రసక్తి లేదు. ప్రాసాద హర్మ్య అట్టాదులను ఆ కోశకారుఁడే వేఱుగాఁ బఠించెను గాన, గోపురమును వానితోఁ జేర్పకుండుట బుద్ధిపూర్వకమే యగును.

1909లో శామశాస్త్రిగారు ముద్రింపించిన కౌటిలీయార్థశాస్త్రమును దీనికే సాక్ష్యము. దుర్గవిధానాధ్యాయమున అట్టాలకము వేఱు, ప్రతోళి వేఱు, గోపురము వేఱు. గోడమీఁది యున్నతమైన కాపుచోటు అట్టాలకము. గోపురము గోధాముఖము, అనఁగా ఉడుముమోమువంటి యాకారము గల వాకిలి. యుద్ధకాండమునందు వానరులు భగ్నము చేసిన లంకాగోపురములు కైలాసశిఖరముతోఁ బోల్పఁబడినవి గదా, ఔన్నత్యము శబ్దార్థము గాదా యని యాక్షేపింపవచ్చును. అది సరి గాదు. ఆ యౌన్నత్యము విశేషణగమ్యమే కాని గోపురశబ్దవాచ్యము గాదు. ఎత్తైన వాకిలి యనినంత మాత్రమున వాకిలి యను మాటకు ఎత్తు అర్థము గానేరదు.

ఇఁక వ్యుత్పత్తి. మూఁడు పక్షములు వినఁబడుచున్నవి.

గోవుల పురము గోపుర మనుట మొదటి పక్షము. ఇందు సంధి దోషము లేదు గాని యర్థము కుదురదు. షష్ఠీతత్పురుషము ఉత్తరపదార్థప్రధానము. రాజపురుషుఁడు పురుషుఁడే యైనట్లు గోపురమును ఒక పురమే కావలయును. పురముయొక్క వాకిలి కాఁజాలదు. వాకిలి యను నర్థమునకై మరల లక్షణ నాశ్రయింపవలయును. మూలార్థమే లక్షణచే సాధింపవలసి వచ్చిన వ్యుత్పత్తి దుర్బలము.

తమిళమున రాజును దేవుని జెప్పు కో శబ్దమును, వెలుపలి భాగమును జెప్పు పుఱ శబ్దమును గలిసినవనుట రెండవ పక్షము. వినుట కింపైనదే. కాని వెలుపల యను నర్థముగల ఆ శబ్దమున నున్నది శకటరేఫము. తమిళులు గోపురమును వ్రాయునది సాధురేఫముతో. రేఫభేదమును బాటించు భాషయందు ఈ వ్యత్యాసమును దాఁటిపోరాదు. కోటకట్టడమునుగూర్చిన కౌటిలీయమునందే శబ్దము ద్వారార్థమున నుండుటచేత, దేవాలయముతో ముడివడిన యీ వ్యుత్పత్తి మఱింత సందిగ్ధము.

రక్షణార్థకమైన గుపూ ధాతువుపై బాహులకమున ఉరప్రత్యయము వచ్చి, లఘూపధగుణముచే గోపుర మైనదనుట మూఁడవ పక్షము. పురమును గాపాడునది గోపురము. లక్షణ యక్కఱలేకయే కోశార్థము సిద్ధించుచున్నది. కాఁబట్టి యిదియే గ్రాహ్యము. గోపురద్వార మను ప్రయోగమునఁ బునరుక్తిని శంకింపఁ బనిలేదు, కరిబృంహితన్యాయముచే సమర్థింపవచ్చును.

మఱి యెత్తు ఎట్లు వచ్చెను? పురమునకున్న ప్రాకారములే దేవాలయమునకును వచ్చినవి. ప్రాకారముతో వాకిలియు వచ్చినది. మయమత మానసారములు లోపలినుండి వెలుపలికి ద్వారశోభ, ద్వారశాల, ద్వారప్రాసాదము, ద్వారహర్మ్యము, మహాగోపురము అని యైదింటిని జెప్పినవి. శిల్పశాస్త్రమును వాకిలిని మఱువలేదు. 1010 నాఁటికిఁ బూర్తియైన తంజావూరి బృహదీశ్వరాలయమున విమానమే సమున్నతము. దానిముందు గోపురములు చిన్నవి. తరువాతి కాలమున నీ క్రమము తలక్రిందయ్యెను. గర్భాలయవిమానములు చిన్నవిగా నుండఁగా వెలుపలి గోపురములు మింటి కెగసినవి. శ్రీరంగపు రాజగోపురము 1987లోఁ బూర్తియై 236 అడుగుల యెత్తున నిలిచినది. వాసిరెడ్డి వేంకటాద్రినాయఁడుగారు మంగళగిరిలోఁ గట్టించిన పదునొకండంతస్తుల గాలిగోపురము 153 అడుగులు. ఇట్టివానిని జూచు ప్రజలకు క్రింది వాకిలికంటె మీఁది యంతస్తులే ముందు గోచరించినవి. ద్వారమును జెప్పు శబ్దము ఔన్నత్యమున లక్షణ నొందెను.

ఆ లక్షణ పిదప వాకిలి లేని కట్టడములకును బ్రాఁకెను. గర్భగృహముపై విమానమును జనులు గోపుర మనిరి. తెలుఁగు బైబిలు అనువాదకులు బాబెలు కట్టడమును గోపుర మనిరి. ఇం దొక విచిత్రము గలదు. ఆ నగరముపేరు హీబ్రూగ్రంథమునఁ దారుమాఱను నర్థముతో ముడిపెట్టఁబడినను, అక్కాదుభాషయందు దానికి దేవద్వార మని యర్థము. అనువాదకు లెఱుఁగకయే మూలార్థము చెంతకు వచ్చిరి.

ఈ నవీనప్రయోగ మపశబ్దమా? కాదు. దర్భలు గోయువాఁ డను నర్థము విడిచి కుశలశబ్దము నేర్పరియందు రూఢమైనట్లు, గోపురశబ్దమును దెలుఁగున నున్నతసౌధమందు నిరూఢలక్షణ నొందినది. దానిని దిద్దఁబూనుట వ్యర్థశ్రమము. అయినను రెండెడల జాగరూకత వలయును. ప్రాచీనకావ్యములను బోధించునపుడు ద్వారార్థమునే మొదటఁ జెప్పవలయును. లేనిచోఁ గోటముట్టడివర్ణనములయందు గోపురములను గాచుటయు, భేదించుటయు నిరర్థకము లగును. దేవాలయములనుగూర్చి వ్రాయునపుడు విమానమును గోపుర మనరాదు. శ్రీకృష్ణదేవరాయలు 1516లోఁ గట్టించిన శ్రీకాళహస్తి రాజగోపురము 2010 మే 26న గూలెను. 2017లోఁ గ్రొత్తది ప్రతిష్ఠితమయ్యెను. ఈ రెండింటి భేద మెఱుఁగనివాఁడు ఆ వార్తను జదివినచో గర్భాలయమే పడెనని భ్రమించును. పడినది వాకిలి, గర్భాలయము పడలేదు. శబ్దభేదమును గాపాడుట చరిత్రను గాపాడుటయే.