ఫిల్మును విడిచిన ఛాయాగ్రాహకుడు

ఛాయాగ్రహణమందు సాధనము మారినపుడెల్ల కళ నశించెనను ఆక్రోశము వినవచ్చుట క్రొత్త గాదు. హైదరాబాదు ఆరవ నిజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడుగా వెలసిన రాజా దీనదయాళ్ (1844–1905) జీవితకాలములోనే తడి గాజుపలకలు పోయి పొడిపలకలు వచ్చినవి. తడిపలకపై మందు పూసి, అది ఆరకమునుపే చిత్రము తీసి, వెంటనే కడుగవలసియుండెను. అందులకై చీకటి గుడారమును వెంట మోయవలసియుండెను. పొడిపలక ఆ బరువును దింపినది. అంతమాత్రమున దీనదయాళ్ దృష్టి మొద్దువారలేదు. కావున డిజిటల్ కెమేరాను విమర్శించునపుడు శ్రమయే కళకు కొలతయని మేము చెప్పజాలము.

మా బెంగుళూరు ఈ విచారణకు తగిన తావు. ఇచ్చటి టి.ఎన్.ఎ. పెరుమాళ్ గారి (1932–2017) పక్షిచిత్రములును, సందూరు రాజవంశీయులు ఎం.వై. ఘోర్పడే గారి వన్యమృగ చిత్రములును నలుపు తెలుపులలో నెంత లోతు కలదో మాబోటి వారికి నేర్పినవి. ఘోర్పడే గారు 1983లో వెలువరించిన గ్రంథమునకు 'సన్‌లైట్ అండ్ షాడోస్' అని పేరు. ఏనుగుకంటె ఏనుగుపై బడిన వెలుగే వారికి ముఖ్యమని ఆ పేరు చూచినంతనే మాకు తోచెను.

అట్టి చిత్రములను చూచి పెరిగిన మేము డిజిటల్ కెమేరా చేపట్టిన మొదటి యేట శ్రీరంగపట్నము చెంత రంగనతిట్టులో భంగపడితిమి. ఎండలో నిలిచిన తెల్లకొంగలన్నియు కాగితము కత్తిరించి అంటించినట్లు వచ్చినవి. కారణము తరువాత గ్రహించితిమి. నెగెటివు ఫిల్ముపై వెలుగు కొంత అధికమైనను, అది మెల్లమెల్లగా నిండుచు తెలుపులోని రేఖలను కొంతవరకు కాచును. సెన్సారు అట్లు కాదు. దాని గడి నిండినచో అంతే, పొంగిపోయిన పాలవలె ఆ యీక మరల రాదు. నెగెటివునకు నీడను గమనించి కొలువవలెను. దీనికి తెలుపును గమనించి కొలువవలెను. స్లైడు ఫిల్ముతో పనిచేసినవారు ఈ క్రమశిక్షణను ముందే యెరుగుదురు గనుక వారు తొట్రుపడలేదు. తప్పు కెమేరాది కాదు, మా అలవాటుది.

లాభమన్ననో, కాదనరానిది. నాగరహొళెలో ప్రొద్దు గ్రుంకు వేళ 400 వేగపు ఫిల్మును 1600కు లాగి కడిగిననాడు చిత్రమంతయు ఇసుక చల్లినట్లుండెడిది. నేడు 6400 పెట్టినను జింక కంటిమెరుపు నిలుచుచున్నది. ఇక రంగు ఫిల్ముల సంగతి యనగా, కొడాక్రోము కడుగు చివరి ప్రయోగశాలయే 2010 డిసెంబరుతో ఆ ఫిల్మును స్వీకరించుట ముగించెను. విచిత్రమేమనగా, 1975లో తొలి డిజిటల్ కెమేరాను కూర్చిన స్టీవెన్ సాసన్ ఆ కొడాక్ కంపెనీ ఉద్యోగియే!

మాకు నిజముగా బాధ కలిగించునది వేరొకటి కలదు. ఇప్పటి ప్రదర్శనలలో అడవి నీడలన్నియు తెరచి చూపబడుచున్నవి. కంప్యూటరుపై ఒక మీట జరిపిన చాలును, పొదలోని ప్రతి యాకు వెలుగులోనికి వచ్చును. చిరుతపులి దాగుటకు చోటెక్కడ? చీకటి లేని అడవి తోటయగును గాని అడవి కాదు. లాల్‌బాగు పూలప్రదర్శనమునకు తగిన వెలుగును మృగమునకు పూయుట అభిరుచిలేమి. చీకటిగదిలో ఒక్క బ్రోమైడు కాగితముపై గంటలు గడపినవాడు ఏ నీడను విడువవలెనో కూడ నేర్చుకొనెడివాడు. అట్లే, క్షణమునకు ఇరువది చిత్రములు తీసి లకుముకిపిట్ట మునకను పట్టుట తప్పు కాదు. వేయింటిలో ఏది మంచిదో యెరుగక నూరు వ్రేలాడదీయుట తప్పు.

భద్రపరచుటలో మాత్రము ఫిల్ముదే పైచేయి. దీనదయాళ్ గాజు నెగెటివులు 2,857 ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున 1989 నుండి కలవు. మా యింట నైదేండ్లయినను నిండని డిస్కు ఒకటి చెడి, ఒక వేసవి చిత్రములన్నియు పోయినవి. దాని ప్రక్కనే, అదే బీరువాలో, మా తొలినాటి నెగెటివులు సురక్షితముగా నున్నవి.

కఠినమైన పనికి ఏది కొనవలెనని మన సంఘపు యువకులు అడిగినపుడు మేము డిజిటలే కొనుడని చెప్పుచున్నాము. చిత్రములను మూడుచోట్ల దాచుకొనుడని కూడ చెప్పుచున్నాము. పాత కెమేరాను మాత్రము మేమింకను అమ్మలేదు. అందులో సగము వాడిన నలుపు తెలుపు చుట్ట ఒకటి యున్నది. పదునెనిమిది చిత్రములు మిగిలినవి.