గద ఏ పెట్టెలో ఉంది?

ఒక శివరాత్రి జాగరం నాడు, మా విజయనగరం దగ్గరి రామతీర్థం కొండ కింద వేసిన స్టేజీ మీద మా భీముడు వట్టి చేతులతో నిలబడ్డాడు. గద పోలేదు. అడవి తెర చుట్టలో భద్రంగా ఉంది. కిందటేడు సర్దినవాడికి ఆ సంగతి తెలుసు గానీ, అతను అప్పటికే పని వెతుక్కుంటూ హైదరాబాదు వెళ్ళిపోయాడు. తెర వెనక చూసుకోవలసిన మనిషిని నేనే. పెట్టెలన్నీ బోర్లించాను, దొరకలేదు. జనం మంచివాళ్ళు, తొడ చరిచిన చప్పుడుకే చప్పట్లు కొట్టేశారు.

తెల్లారి టీ తాగుతూ మా హార్మోనిస్టు తాత అన్నాడు: "గుర్తుంటాదనుకున్నావు నాయినా. ఏడాదిపాటు ఎవుడికి గుర్తుంటాది? రాసీసుకో."

ఆ రోజే ఓ రెండొందల పేజీల నోటుబుక్కు కొన్నాను.

ఏడాది పొడుగునా ఆడే కంపెనీలకు ఈ తంటా తక్కువ. సురభి వాళ్ళనే చూడండి. 1885లో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాల్లో పిల్లలు తెరల మధ్యే పెరిగారు. మాయాబజారులో ఏ తాడు లాగితే ఏ మాయ జరుగుతుందో వాళ్ళ చేతులకే తెలుసు. జాతర నాటకం అలా కాదు. నాలుగు రాత్రులు మేలుకుని ఏడాదంతా పడుకుంటుంది. మళ్ళీ లేచేసరికి మనుషులు మారిపోయి ఉంటారు.

రామతీర్థానిది తిథుల లెక్క. భీష్మ ఏకాదశికి స్వామి కల్యాణం, అటూ ఇటూగా పద్దెనిమిది రోజులకు శివరాత్రి, ఇంకో నలభై రోజులకు శ్రీరామనవమి. మొదటి రెండేళ్ళూ నేను ఇంగ్లీషు తేదీలు వేసి రాశాను. ఫిబ్రవరి ఫలానా తేదీన లైట్లు సరిపోయాయి, అని. మరుసటేడు ఫిబ్రవరిలోనే పడ్డ శివరాత్రికి అవే లైట్లు పెడితే కళ్ళు పొడుచుకున్నా కనబడలేదు. తేడా బల్బుల్లో లేదు, వెన్నెల్లో ఉంది. ఏకాదశి చంద్రుడు తెల్లవారుజాము దాకా ఉంటాడు. మేకప్ గదికి వెళ్ళే దారి, పెట్టెలు, తాళ్ళు, పక్కన నిద్రపోతున్న పిల్లలు, అన్నీ ఆ వెలుగులో కనబడతాయి. శివరాత్రికి ఆ సాయం ఉండదు, సైడ్ వింగుల వెనక రెండు బల్బులు ఎక్కువ కట్టాల్సిందే. నవమికి భయం చీకటి కాదు, సాయంకాలం లేచే ఈదురుగాలి వాన. అప్పట్నించీ ప్రతి పేజీ నెత్తిన తిథి వేస్తున్నాను. తేదీ కావాలంటే కింద మూల చూసుకోవచ్చు.

అచ్చు పుస్తకం ఉంది కదా, ఇంకేం రాస్తావని అడిగేవాళ్ళున్నారు. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి 'సత్య హరిశ్చంద్రీయం' అచ్చు ప్రతి పట్టుకుని ప్రాంప్టింగుకు కూర్చున్న కొత్త కుర్రాడు కాటి సీనులో మునిగిపోతాడు. అక్కడ నటుడు ఎత్తుకునేవి జాషువా శ్మశాన పద్యాలు. అవి బలిజేపల్లి వారివి కావు. నటులు తెచ్చి కలిపారు, జనం వాటిని నాటకంలో భాగం చేసేసుకున్నారు. ఇప్పుడు అవి లేకుండా ఆడితే ఊరుకోరు. కాబట్టి కవి రాసిన నాటకం ఒకటి, స్టేజీ మీద ఆడే నాటకం ఒకటి. రెండో దాన్ని రాసిపెట్టాల్సింది తెర వెనకవాడే.

కాలం రాయడం మరో పేచీ. పద్యనాటకంలో నిమిషాలు మన చేతిలో ఉండవు, వన్స్‌మోర్ అని అరిచేవాడి చేతిలో ఉంటాయి. రాయబారం పడక సీనుకు నా పుస్తకంలో రెండు అంకెలుంటాయి. ఒకటి ఉత్తి నిడివి, రెండోది వన్స్‌మోర్లతో కలిపి. తర్వాతి సీను వేషగాణ్ణి లేపడానికి మొదటి అంకెనే నమ్మాలి. రెండోదాన్ని నమ్మి పడుకోబెడితే, జనం చలికి బిగుసుకుని కూర్చున్న రాత్రి కొంప మునుగుతుంది.

రాసిన ప్రతిదీ పనికి రాదు. "పొగ ఎక్కువైంది, జాగ్రత్త" అని మొదట్లో ఒకచోట రాశాను. అది నాకే అర్థం కాలేదు. తర్వాతి ఏడు రాసింది ఇది: "శివరాత్రి. కాటి సీను. పొగ కుడి వింగు నుంచి వదిలాం. రాత్రి గాలి కొండ మీంచి కిందికి దిగుతోంది. పొగంతా హరిశ్చంద్రుడి నోట్లోకే. మూడో పద్యం దగ్గర దగ్గు. ఈసారి ఎడమ వింగు నుంచి. కొబ్బరిపీచు వద్దు, సాంబ్రాణి చాలు." ఏం చేశాం, ఏమైంది, ఎందుకైంది, ఈసారి ఏం చెయ్యాలి. ఆ రాత్రి అక్కడ లేనివాడికి కూడా ఇది పనికొస్తుంది.

ఈ పని మనవాళ్ళు ఎప్పుడో చేశారు. కేరళ గుళ్ళలో ఆడే కూడియాట్టానికి రెండు రకాల తాళపత్ర గ్రంథాలున్నాయి. ఏ మాటకు ఎలా అభినయించాలో నటుడికి చెప్పేది ఆట్టప్రకారం. వేషం, సామగ్రి, ప్రదర్శన వరుస, ఎవరికి ఎంత ముట్టాలి, ఇవన్నీ క్రమదీపికలో ఉంటాయి. 2001లో యునెస్కో కూడియాట్టాన్ని గుర్తించినప్పుడు అందరూ కళ్ళ అభినయాన్ని మెచ్చుకున్నారు. నా ఓటు మాత్రం క్రమదీపికకే. లండన్‌లో షేక్‌స్పియర్ కాలంలో నాటకశాల నడిపిన ఫిలిప్ హెన్స్‌లో చిట్టా ఇంకా ముచ్చటగా ఉంటుంది. 1598 నాటి సామాన్ల జాబితాలో ఒక బండరాయి, ఒక సమాధి, ఒక నరకద్వారం ఉన్నాయి. దుస్తుల లెక్కలో మనిషి మాయమైపోవడానికి తొడుక్కునే అంగీ కూడా ఉంది. కనబడని అంగీని కూడా లెక్క రాశాడు. మేం కనబడే గదను రాయలేకపోయాం.

మా విజయనగరం సంగతీ చెప్పాలి. 1892లో ఇక్కడ ఆడిన 'కన్యాశుల్కం' వేరు, 1909లో గురజాడ పెంచి రాసింది వేరు. ఆ రెండోదాన్ని ఉన్నదున్నట్టు ఆడితే తెల్లారిపోతుంది. 1953 నుంచి జె.వి. రమణమూర్తి దాన్ని కుదించి, తానే గిరీశమై, ఏళ్ళ తరబడి ఆడారు. ఏది కత్తిరించారన్నది రెండు ప్రతులు పక్కపక్కన పెడితే తెలిసిపోతుంది. ఎందుకు కత్తిరించారన్నది, అంటే జనం ఎక్కడ కదిలారు, ఎక్కడ వేషం మార్చుకోడానికి వ్యవధి చాల్లేదు అన్నది, మార్జిన్లో రాసుకుంటే తప్ప తర్వాతివాళ్ళకు అందదు.

మోకాళ్ళు మొరాయించాక నా నోటుబుక్కు ఒక డిగ్రీ కుర్రాడికి ఇచ్చేశాను. కిందటి శివరాత్రికి చూద్దామని వెళ్ళాను. చీకట్లో పడకుండా వింగుల వెనక బల్బులు వెలుగుతున్నాయి. గద ఎర్రపెట్టెలో, మూతకు అంటించిన చీటీలో ఉన్నట్టే, పైనే ఉంది. కాటి సీనులో పొగ కనబడలేదు. ఏమిరా అంటే పుస్తకం తెచ్చి చూపించాడు. నా రాత కింద నీలం సిరాతో ఒక లైను: "సాంబ్రాణి కూడా వద్దు. తాతకు తుమ్ములు, హార్మోనియం ఆగింది."