పరిశోధకునికి దొరికినది, పరిశోధకుడు నిర్ణయించినది

మరుగున పడినదాన్ని వెలికితీయడమే పరిశోధన అని మీరు అనుకుంటూ ఉండవచ్చు. అది సగం పని మాత్రమే. ఆధారాన్ని సంపాదించి అందరికీ అందుబాటులోకి తేవడం మొదటి దశ. దాని నుంచి నిర్ణయం చేయడం రెండవ దశ. మానవల్లి రామకృష్ణకవి (1866–1957) కృషిని ఈ రెండు దశలుగా విడదీసి పరిశీలించండి.

ఆయన 1909లో నన్నెచోడుని 'కుమారసంభవం' తొలి భాగాన్ని ప్రకటించారు. తెలుగు సాహిత్య చరిత్రలో అంతవరకు చోటులేని కవి ఒకరు దీనితో వెలుగులోకి వచ్చారు. భరతుని నాట్యశాస్త్రాన్ని అభినవగుప్తుని వ్యాఖ్యతో పరిష్కరించినదీ ఆయనే. దాని తొలి సంపుటం 1926లో బరోడా నుంచి వెలువడింది. తాళపత్రాలు చదివి, పాఠాలు పోల్చి, శిథిల భాగాలను సరిచూసే ఈ శ్రమ విలువ తగ్గేది కాదు.

నన్నెచోడుడు నన్నయ కంటే ముందువాడన్నది రెండవ దశకు చెందిన మాట. ఇక్కడే వివాదం మొదలైంది. సత్యాశ్రయుడు మొదలైన చాళుక్య రాజులు దేశి కవితను నిలిపారని కవి చెప్పాడు. కానీ సత్యాశ్రయ నామం ఒక్క రాజుది కాదు. చోడ వంశాల్లోనూ ఒకే పేరు పలువురికి ఉండేది. కాబట్టి పేరు కలిసినంత మాత్రాన కాలం తేలదు. నన్నెచోడుడు నన్నయ తరువాతి వాడని పలువురు పండితులు భావించారు. ఈ కావ్యం మానవల్లివారి రచనే అన్న అనుమానం కూడా కొందరికి కలిగింది.

ఇలాంటి అనుమానం వచ్చినప్పుడు పరిశోధకుని పేరు ప్రతిష్ఠలు సమాధానం కావు. ప్రతి ఎక్కడ దొరికింది, ఎక్కడ శిథిలమైంది, పరిష్కర్త ఏ అక్షరం మార్చారు అన్న వివరాలే సమాధానం. వాటిని పాఠకుని ముందు ఉంచడం పరిశోధకుని బాధ్యత. తన తీర్పును ఇతరులు కాదనడానికి కావలసిన సామగ్రిని కూడా ఆయనే సమకూర్చాలి.

కాల నిర్ణయం నిలవకపోయినా కావ్యాన్ని వెలుగులోకి తెచ్చిన ఘనత మానవల్లివారిదే. ఆ ఘనత కారణంగా కాల నిర్ణయాన్ని ప్రశ్నించకుండా ఒప్పుకోవలసిన అవసరమూ లేదు. పరీక్షలో ఈ ప్రశ్న వస్తే ఏ పండితుడు ఏ పక్షమో చెప్పి ఆగిపోకండి. ఆ పక్షానికి ఆధారం ఏమిటో, అది ఎంతవరకు నిలుస్తుందో రాయండి. అలా రాసినప్పుడు మీరు కూడా కొంత పరిశోధకుని పని చేసినట్టే.

మీ అవగాహనను పరీక్షించుకోండి: కవి కాలాన్ని నిర్ణయించడానికి రాజు పేరు ఒక్కటే ఎందుకు చాలదు?