అంచురాయి నిలుపువాడు

బోరబండ వైపునుండి వచ్చు వాహనముల కోలాహల మింకను చెలరేగని ప్రాతఃకాలమున, మోతీనగరు వీథిలో, వానకు క్రుంగి ప్రక్క కొరిగిన అంచురాతిని గడ్డపారతో పైకెత్తి, దాని క్రింది మెత్తని మన్ను తీసివైచి, దిమిసతో నేలను గట్టిపరచి, రెండు మేకుల నడుమ బిగించిన దారమునకు ఆ రాయి ఒరసియు నొరయనట్లు నిలుపు మేస్త్రీని చూచినపుడెల్ల, నాకు శిల్పిని చూచినంత గౌరవము కలుగును.

క్రొత్త కాలిబాట వేయుటకంటె పాతదానిని బాగుచేయుట కష్టతరము. ఏలయన క్రొత్తదానికి కొలత యొక్కటే, పాతదానికి ఇరుప్రక్కల నిలిచియున్న రాళ్లన్నియు కొలతలే. బాట వీథివైపు రవంత వాలియుండవలెను. వాలు తగ్గిన నీరు నిలుచును, హెచ్చిన వృద్ధుల పాదము జారును. రసమట్టము చూపినదానిని అతడు కాదనడు గాని, చెంబెడు నీళ్లు పోసి, అవి పారు తీరును రెప్పవేయక పరికించిన పిమ్మటనే తృప్తినొందును.

కాలిబాట యెత్తు 150 మిల్లీమీటర్లు మించరాదనియు, రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా సాగిపోవుటకు 1.8 మీటర్ల వెడల్పు నిరాటంకముగా నుండవలెననియు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో నిర్దేశించినది. ఆ యంకెలను నేలమీదికి దింపునది ఈ మేస్త్రీ చేతి తాపీయే.

బాటపై పరచు షాబాదు బండల సందులకు సిమెంటు పట్టవలెను. నేటి ఇంటర్‌లాక్ టైల్సుకు సందులలో ఊడ్చిన సన్నని ఇసుకయే బంధము. పని ముగించి, తడియారని యంచుచెంత నాలుగిటుకలు అడ్డుపెట్టి, గమేళా కడుగుకొని, అతడు తరువాతి గుంతకడకు నడచెను.