వరద దుర్బలతను కొలుచు పద్ధతులు: గుణదోష విచారణ

కడప సీమ యనగానే కరవు తలపునకు వచ్చును. అచ్చట ఏటా కురియు సగటు వర్షము సుమారు 700 మిల్లీమీటర్లు మాత్రమే. అయినను 2021 నవంబరు 19వ తేదీ తెల్లవారుజామున, రాజంపేట సమీపమున చెయ్యేరుపై గల అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగి, పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట మున్నగు గ్రామములను ముంచెత్తినది. పలువురు మరణించిరి, ఇండ్లు, పశువులు కొట్టుకొనిపోయినవి. కావున వరదకు ఏ ఊరు ఎంత దుర్బలమో ముందుగా కొలుచుట కరవుసీమకును అవసరమే. అట్లు కొలుచుటకు వాడుచున్న పద్ధతి ఎంతవరకు నమ్మదగినది?

విరివిగా వాడుకలో నున్నది సూచికా పద్ధతి. అమెరికా భూగోళ శాస్త్రజ్ఞురాలు సుసాన్ కట్టర్, ఆమె సహచరులు 2003లో వయస్సు, ఆదాయము, గృహవసతి వంటి లెక్కలతో సాంఘిక దుర్బలతా సూచికను ప్రకటించిరి. తరువాత వచ్చిన సులభ పద్ధతులలో ప్రతి అంశమును 0 నుండి 1 వరకు గల కొలతకు మార్చుదురు. ఊరి విలువనుండి కనిష్ఠ విలువను తీసివేసి, గరిష్ఠ కనిష్ఠముల భేదముచే భాగింతురు. ఆ ఫలితములకు సగటు కట్టుదురు.

ఈ పద్ధతికి గొప్ప గుణమొకటి కలదు. అది నీటిని మాత్రమే గాక మనుష్యులను గూడ లెక్కలోనికి తెచ్చినది. ఒకే లోతు నీరు మిద్దెయింటివానిని తడుపును. మట్టియింటి వృద్ధురాలిని ముంచును.

దోషములును కలవు. మొదటిది, సగటు భేదములను కప్పిపుచ్చును. ఒక ఊరికి 0.9, 0.8, 0.1 అనియు, వేరొక ఊరికి 0.6, 0.6, 0.6 అనియు విలువలున్నవనుకొందము. రెండింటి సగటు 0.6 మాత్రమే. కాని మొదటి ఊరికి కావలసిన సాయము వేరు, రెండవ దానికి వేరు. రెండవది, ఈ కొలత సాపేక్షము. అన్ని ఊళ్లును సమముగా బాగుపడినను అట్టడుగు ఊరికి 1 తప్పదు.

మూడవది మిక్కిలి ముఖ్యము. అన్నమయ్య ప్రాజెక్టు అలుగు సామర్థ్యము సుమారు 2.17 లక్షల క్యూసెక్కులు. ఆనాడు వచ్చిన వరద సుమారు 3.2 లక్షల క్యూసెక్కులు. ఐదు గేట్లలో ఒకటి పనిచేయలేదు. ఎగువనున్న పింఛా ప్రాజెక్టు కట్టయు తెగినది. జనాభా లెక్కలతో మాత్రమే కట్టిన సూచికలో గేటు స్థితికి గడి లేదు. హెచ్చరిక ఏ ఇంటికి ఎన్ని నిమిషములలో చేరునో తెలుపు గడియు లేదు. జిల్లా మొత్తమునకు ఒకే అంకె వేసినచో ఏటిగట్టు ఊరు మెట్టయూరి చాటున మరుగుపడును.

అట్లని సూచికను పారవేయనక్కరలేదు. దానిని పరీక్షింపవలెను. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రి నీటిలో మునిగిన కర్నూలు పేటలను, 2021లో మునిగిన చెయ్యేటి గ్రామములను సూచిక ముందే గుర్తింపగలిగెడిదా యని సరిచూడవలెను. గ్రామస్థులతో కలసి నీరు చేరిన గుర్తులు, మెరక స్థలములు, సాయము లేక కదలలేనివారి ఇండ్లు పటముపై గీయవలెను. ఈ పని ఉన్నత పాఠశాల విద్యార్థులు సైతము ఉపాధ్యాయుల సాయముతో చేయవచ్చును. అర్ధరాత్రి ఎవరి తలుపు ముందు తట్టవలెనో తెలుపగలిగిన కొలతయే సార్థకమైన కొలత.