కేథె కోల్విట్జ్ రాతి అచ్చు చిత్రములు

2024 మార్చి మొదలు జూలై వరకు న్యూయార్కు నగరమందలి మ్యూజియమ్ ఆఫ్ మోడరన్ ఆర్ట్‌లో జర్మను చిత్రకారిణి కేథె కోల్విట్జ్ (1867–1945) కృతుల ప్రదర్శనము జరిగినది. ఆమె రాగిరేకుపై, కొయ్యపై, రాతిపై పనిచేసినది; శిల్పములను గూడ గావించినది. ఇచట విచార్యము రాతి అచ్చు, అనగా లితోగ్రాఫు, మాత్రమే.

రాతి అచ్చు అనగానే మనకు స్ఫురించునవి రవివర్మ పటములు. 1894లో బొంబాయిలో నెలకొల్పబడిన ముద్రణాలయమునుండి వెలువడిన ఆ లక్ష్మీ సరస్వతులు మన ఇండ్ల గోడల నలంకరించినవి. కాని అవి ప్రతికృతులు. చిత్రకారుడు తైలవర్ణములతో వ్రాసినదానిని పనివారు రాళ్లపైకి ఎత్తిరి. కోల్విట్జ్ అచ్చునకు వెనుక అట్టి వేరొక చిత్రము లేదు. జిడ్డుసుద్దతో గీసిన గీతయే మూలము. తడిపిన సున్నపురాయి నీటిని పట్టి సిరాను విడుచును. గీత నీటిని విడిచి సిరాను పట్టును. చేతి ఒత్తిడి ఎంతయో నలుపును అంతయే. వంద ప్రతులు తీసినను వందయు మూలములే. తాళపత్రములందు ఏకైక మూలమును వెదకుటకు అలవాటుపడిన మనకిది వింతగా తోచవచ్చును.

ఆమెకు తొలి కీర్తి తెచ్చిన 'నేతగాండ్ర తిరుగుబాటు' (1893–97) ఆరు చిత్రముల మాల. బెర్లినులో 1893లో హౌప్ట్‌మన్ రచించిన 'నేతగాండ్రు' నాటకమును చూచి ఆమె దీనికి పూనుకొన్నది. 'లేమి', 'మరణము', 'మంతనము' అను మొదటి మూడును రాతి అచ్చులు, తక్కినవి రాగిరేకుపైనివి. 'మరణము'న కొవ్వొత్తి వెలుగులో అస్థిపంజరము తల్లిని తాకుచున్నది. బిడ్డ కన్నులు విప్పి చూచుచున్నది. గుడిసెలోని చీకటిని రాయి చక్కగా పలికించినది. అయినను ఆ యెముకల చేయి యూరపు చిత్రసంప్రదాయమునుండి అరువు తెచ్చినది. దానిని చూచి భయపడుటకు ముందే గుర్తుపట్టుదుము.

1914 అక్టోబరులో ఆమె చిన్న కుమారుడు పేటర్ యుద్ధమున మరణించెను. యుద్ధచిత్రమాలకు రాగిరేకును, రాతిని ప్రయత్నించి తృప్తిపడక, 1920లో బార్లాఖ్ కొయ్య అచ్చులను చూచిన పిమ్మట ఆమె కొయ్యను చేపట్టెను. 1924 నాటి 'ఇక యుద్ధము వద్దు' అను ప్రకటనపత్రము రాతి అచ్చే, ప్రసిద్ధమే, కాని అందు పని చేయునది చిత్రముకంటె అక్షరములే యని నా అభిప్రాయము.

1933లో నాజీల ఒత్తిడిచే ఆమె ప్రష్యను అకాడమీని వీడవలసివచ్చెను. ఆ మరుసటి యేటినుండి 1937 వరకు 'మరణము' పేరనే ఎనిమిది రాతి అచ్చులు వెలువడినవి. వానిలో 'మృత్యువు పిలుపు'ను పూర్వపు 'మరణము'తో పోల్చి చూడవలెను. ఇందు గుడిసె లేదు, కొవ్వొత్తి లేదు, అస్థిపంజరము లేదు. చిత్రకారిణి పోలికలు గల ఒక వృద్ధస్త్రీ. చిత్రపు అంచు వెలుపలినుండి ఆమెవైపు వచ్చిన యొక చేయి. అది ఎముకల చేయి కాదు, మనిషి చేయి. నలువది యేండ్లలో ఆమె విడిచిపెట్టిన దంతయు ఈ రెంటి నడుమ కనబడును. కథ పోయినది, సుద్ద యొత్తిడి మిగిలినది.

'విత్తనపు గింజలను పిండి పట్టరాదు' (1942) ఆమె కడపటి రాతి అచ్చు. పేరు గోథే రచించిన 'విల్హెల్మ్ మైస్టర్' నవలలోనిది. యువకులను ఇంకను యుద్ధమునకు పంపుమన్న కవి డేమెల్‌కు 1918లో బహిరంగలేఖ వ్రాయుచు ఆమె ఈ వాక్యమునే వాడెను. చిత్రమున ముసలితల్లి చేతులు ఇంటికప్పువలె ముగ్గురు బాలురపై వంగియున్నవి. అయితే బాలురు భయపడుటలేదు. పైవస్త్రము క్రిందినుండి తొంగిచూచుచు వెలుపలికి ఉరుకగోరుచున్నారు. పేరు తల్లి పక్షమున పలుకుచుండగా గీత ఈ బాలుర ఉత్సాహమును దాచలేదు. అదే సంవత్సరము సెప్టెంబరులో, పేటర్ అను పేరే గల ఆమె మనుమడు రష్యా యుద్ధరంగమున మరణించెను.